లింకుల మధ్య కీలు కనబడకుండా బ్రేస్‌లెట్ డిజైన్ చేయడం ఎలా?

బల్ల మీద పరిచి చూస్తే ఒకే పట్టీలా ఉన్న బ్రేస్‌లెట్, చేతికి పెట్టగానే దువ్వెన పళ్ళలా విడిపోయి కనబడుతుంది. చాలామంది దీనికి పనివాడిని తిడతారు. తప్పు మాత్రం ఎక్కువసార్లు గీసినవాడిదే. నేను గీసిన మొదటి లింకు బ్రేస్‌లెట్ ఇలాగే అయింది. స్క్రీన్ మీద చూస్తే లింకుకీ లింకుకీ మధ్య వెంట్రుక కూడా దూరదు. కీలు ఎవరికీ కనబడకూడదని దాన్ని తీసుకెళ్ళి లింకు అట్టడుగున పెట్టాను. తీరా చేతికి చుట్టాక ప్రతి సందూ నోరు తెరిచింది. అందులోంచి కింది చర్మం, సీల, టంకం మచ్చ అన్నీ కనబడ్డాయి.

కీలు ఎంత కిందికి పోతే పైన సందు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. ఈ సంగతి మొదట్లోనే పట్టుకుంటే మిగతా డిజైన్ దాని వెంటే నడుస్తుంది. అందుకే ఇక్కడ పువ్వులు, రాళ్ళు, నగిషీ సంగతి చివరికి వస్తుంది. ముందు సీల ఎక్కడ పెట్టాలో తేల్చుకుందాం.

మాటల విషయంలో తికమక లేకుండా ముందే చెప్పేస్తాను. ఒక లింకు చివర ముందుకు పొడుచుకొచ్చిన ముక్క నాలుక. పక్క లింకులో ఆ నాలుక దూరే చోటు గూడు. గూడుకి రెండు వైపులా ఉన్న గోడలు చెంపలు. చెంపల్నీ నాలుకనీ కలిపి గుచ్చే సన్నటి తీగముక్క సీల. రెండు లింకుల పైభాగాలు ఎదురెదురుగా వచ్చే అంచులు పెదవులు.

కొలతలన్నీ ఒకే ఉదాహరణ మీద చెబుతాను: 18 క్యారెట్ల బంగారం, 3 మి.మీ. మందం, 6 మి.మీ. వెడల్పు ఉన్న లింకు. మీ లింకు వేరే కొలతలో ఉంటే లెక్క అదే, అంకెలు మారతాయి.

1. మణికట్టును గుండ్రం అనుకోకండి

మణికట్టు అడ్డకోత కోడిగుడ్డును కాస్త నొక్కినట్టు ఉంటుంది. పై వైపు, కింది వైపు దాదాపు చదును, రెండు పక్కలా బాగా వంపు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వృత్తం గీసుకుని దాని చుట్టూ లింకులు పేర్చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. వృత్తం మీద ప్రతి కీలూ సమానంగా వంగుతుంది. చేతి మీద అలా జరగదు.

ఉదాహరణకి చేతి చుట్టుకొలత 155 మి.మీ. అనుకుందాం. వదులు కోసం 11 కలిపితే బ్రేస్‌లెట్ లోపలి చుట్టుకొలత 166. దీన్ని 60 మి.మీ. పొడవు, 45 మి.మీ. ఎత్తు ఉన్న అండాకారంగా గీయండి, చుట్టుకొలత సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు చూడండి: పై చదును భాగంలో వంపు వ్యాసార్ధం 40 మి.మీ. దాకా ఉంటుంది, పక్కల్లో 17 మి.మీ.కి పడిపోతుంది. అంటే పక్కల్లో ఉన్న కీలు, పైన ఉన్న కీలు కన్నా రెండింతలకు మించి వంగాలి. మీ కీలును ఆ పక్క కోసం డిజైన్ చేయండి. పై భాగం తనంతట తనే బాగుంటుంది.

ఇంకో చిన్న మాట. లింకు పొడవు 10 మి.మీ. దాటితే దాని అడుగును కూడా వంపుగా గీయాలి. 14 మి.మీ. పొడవున్న చదును లింకు 26 మి.మీ. వ్యాసార్ధం మీద కూర్చుంటే, మధ్యలో చర్మాన్ని తాకుతుంది గానీ రెండు కొసలూ దాదాపు 1 మి.మీ. పైకి లేచి ఉంటాయి. ఆ లేచిన కొసల దగ్గర ఎంత గొప్ప కీలు పెట్టినా కనబడుతుంది.

2. సీల లోతు తేల్చండి

పై ఉపరితలం నుంచి సీల మధ్య బిందువు దాకా ఉన్న లోతే ఇక్కడ అసలు అంకె. పక్కల్లో కీలు 22 డిగ్రీలు వంగుతుందనుకోండి (ఈ 22 ఎలా వచ్చిందో కాసేపట్లో చూద్దాం). అప్పుడు సందు ఎంత పెరుగుతుందంటే: సీల 2.2 మి.మీ. లోతులో ఉంటే 0.84, 1.2 లోతులో ఉంటే 0.46, 0.5 లోతులోనే ఉంటే 0.19 మాత్రమే. లోతును 0.38తో గుణించుకుంటే చాలు.

అయితే 0.5 దగ్గర పెట్టేస్తే పోలేదా? పెట్టలేం. సీల చుట్టూ లోహం ఉండాలి, దాని పైన పెదవి ఉండాలి. 0.7 మి.మీ. సీల అయితే దాని సగం 0.35. రంధ్రం చుట్టూ గోడ 0.4. నాలుక తిరగడానికి ఖాళీ 0.05. పైన పెదవి మందం 0.4. మొత్తం 1.2. మన ఉదాహరణకి ఇంతకన్నా పైకి జరపాలంటే ఏదో ఒకటి సన్నబడాలి. పెదవిని 0.4 కన్నా సన్నగా చేయడం నాకు ఇష్టం ఉండదు. మెరుగు పెట్టేటప్పుడే అది అరిగి కత్తి అంచులా తయారవుతుంది, ఆ తర్వాత చొక్కా చేతుల్ని గీరుతుంది.

లింకు చిన్నదైతే ఈ టెన్షన్ అంతా తగ్గుతుంది. అదే చేతికి సీల నుంచి సీలకు 3.2 మి.మీ. దూరం ఉండేలా 50కి పైగా లింకులు పెడితే ఒక్కో కీలు సగటున 7 డిగ్రీలే వంగుతుంది. సన్న లింకుల బ్రేస్‌లెట్లు నీళ్ళలా జారుతూ కనబడటానికి కారణం ఇదే. పెద్ద లింకుతో అదే నునుపు రావాలంటే మాత్రం లెక్క వేయక తప్పదు.

3. పొడవును మళ్ళీ లెక్కించండి

ఈ అడుగు మర్చిపోయి బ్రేస్‌లెట్ బిగుతుగా చేసినవాళ్ళని చాలామందిని చూశాను. నేనూ ఒకణ్ణి.

వంగినప్పుడు పొడవు మారని గీత ఒక్కటే, సీలల గుండా పోయే గీత. సీల చర్మానికి ఎంత ఎత్తులో ఉంటే ఆ గీత లోపలి చుట్టుకొలత కన్నా అంత పెద్దదిగా ఉండాలి. ఎత్తును 6.28తో గుణించి కలపాలి. మన లింకు 3 మి.మీ. మందం, సీల పైనుంచి 1.2 లోతు, కాబట్టి చర్మం నుంచి 1.8 ఎత్తు. 1.8ని 6.28తో గుణిస్తే 11.3. లోపల 166 కావాలంటే సీలల గీత 177.3 ఉండాలి. సీల నుంచి సీలకు 7.1 మి.మీ. పెట్టుకుంటే 25 లింకులు, మొత్తం 177.5.

సీల అట్టడుగున, చర్మానికి 0.8 ఎత్తులో ఉంటే 5 మి.మీ. కలిపితే సరిపోయేది. అంటే పాత డిజైన్‌లో కీలును పైకి జరిపి పొడవు అలాగే ఉంచేస్తే, చేతికి 6 మి.మీ. బిగుతవుతుంది. బల్ల మీద స్కేలు పెట్టి కొలిస్తే తేడా ఏమీ కనబడదు. చేతికి పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు కోణాలు తేలతాయి. 360ని 25తో భాగిస్తే సగటు 14.4 డిగ్రీలు. పక్కల్లో సీలల గీత వ్యాసార్ధం 18.7 కాబట్టి 7.1 మి.మీ. లింకు అక్కడ 22 డిగ్రీలు వంగుతుంది. పైభాగంలో 10 డిగ్రీలు కూడా ఉండదు, అక్కడ సందు 0.2 మాత్రమే పెరుగుతుంది. జనం చూసేది ఆ పైభాగమే.

కొక్కెం కూడా ఈ లెక్కలో భాగమే. దానికీ మిగతా లింకుల పొడవే ఇచ్చి, పైన అదే ఆకారం పెట్టండి. వేరే పొడవు ఇస్తే ఎంత దాచినా కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

4. ఏ రకం కీలు పెట్టాలి

లింకు అడుగున రెండు చిన్న కొంకీలు అతికి, వాటిని ఒక రింగుతో కలపడం సులువైన దారి. పై నుంచి కనబడదు, నిజమే. కానీ సీల లోతు సంగతి ఇప్పుడే చూశాం. పైగా రింగు, కొంకీ రెండూ సన్నటి చోట ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి, తొందరగా అరుగుతాయి. లింకులు మెలి కూడా తిరుగుతాయి. తేలికపాటి నగకు ఫర్వాలేదు.

రెండోది, పెట్టె ఆకారపు లింకులు. ఒక లింకు నుంచి వచ్చిన తీగ ఉంగరం పక్క పెట్టె గోడలోని రంధ్రంలో దూరి లోపలే మూసుకుంటుంది. రాళ్ళ వరస బ్రేస్‌లెట్లలో ఇది బాగా నడుస్తుంది. అయితే రిపేరుకు వస్తే రాయి తీయకుండా లోపలికి చేరడం కష్టం.

మూడోది నాలుక, గూడు, అడ్డసీల. గట్టిది, ఒకే దిశలో వంగుతుంది, సీలను కావలసిన లోతులో పెట్టుకోవచ్చు, అరిగితే సీల మార్చవచ్చు. మిగతా వ్యాసమంతా దీని గురించే.

5. నాలుక, గూడు, సీల కొలతలు

6 మి.మీ. వెడల్పులో నాలుకకి 2.4, గూడుకి 2.5, రెండు చెంపలకీ 1.75 చొప్పున ఇవ్వండి. నాలుక కొసను సీల కేంద్రంగా 0.75 వ్యాసార్ధంతో గుండ్రంగా గీయండి: సీల సగం 0.35, గోడ 0.4.

చెంపల రంధ్రాలు 0.7, నాలుక రంధ్రం 0.75. ఈ తేడా కావాలనే పెట్టింది. సీల చెంపల్లో కదలకుండా ఉండి, నాలుక మాత్రమే దాని మీద తిరగాలి. రెండు చోట్లా వదులుంటే సీల పక్కకు జరిగి కొస బయటికి పొడుచుకొస్తుంది.

నాలుకను వీలైనంత వెడల్పుగా ఉంచమనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది అరుగుదల. బరువంతా సీల మందం, నాలుక వెడల్పు కలిసిన ఆ చిన్న ముఖం మీదే పడుతుంది. ఒక్కో కీలు దగ్గర 0.1 మి.మీ. అరిగితే 25 కీళ్ళకి బ్రేస్‌లెట్ 2.5 మి.మీ. సాగుతుంది, అన్ని సందులూ ఆ మేరకు పెరుగుతాయి. దాచిన కీలు అరిగి బయటపడేది ఇలాగే. రెండోది పక్క ఊపు. నాలుక రంధ్రంలోని 0.05 ఖాళీని 2.4 వెడల్పుతో భాగిస్తే ఒక్కో కీలు పక్కకి సుమారు 1.2 డిగ్రీలు ఊగుతుంది, మొత్తం 30 డిగ్రీలు. నాలుకను సగానికి తగ్గిస్తే ఊపు రెండింతలై, బ్రేస్‌లెట్‌ను పక్కకి తిప్పి పట్టుకుంటే వాలిపోతుంది. అసలు ఊపే లేకుండా బిగించినా మంచిది కాదు. చెయ్యి మెలి తిరిగినప్పుడు ఆ బలం ఎక్కడో ఒక చోట సీల మీద పడుతుంది.

సీలను పోత పోయకండి, తీగ లాగి చేయండి. కమ్మచ్చులోంచి (తీగను సన్నగా లాగే రంధ్రాల పలక) లాగిన తీగ గట్టిపడి ఉంటుంది. లింకు 22 క్యారెట్లదైతే ఈ గట్టితనం ఇంకా ముఖ్యం. ఆ మెత్తటి బంగారంలో నాలుక గోడని 0.4 దగ్గర ఆపకండి, 0.6 చేయండి. అప్పుడు లోతు, పొడవు లెక్కలు మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి.

6. సందుకి నేల వేయండి

ఏ లెక్క వేసినా సందు కొంత తెరుచుకుంటుంది. తెరుచుకున్న సందులో ఏం కనబడుతుందన్నదే ఇక ప్రశ్న. చీకటి కనబడితే కన్ను దాన్ని గీతగా చదువుతుంది. మెరిసే బంగారం కనబడితే డిజైన్‌లో భాగమనుకుని దాటిపోతుంది.

నాలుక పైభాగం సీల చుట్టూ గుండ్రంగా ఉంది కదా. చెంపల కొసల్ని కూడా అదే 0.75 వ్యాసార్ధంతో గుండ్రంగా గీయండి. అప్పుడు చెంప, నాలుక, చెంప మూడూ కలిసి లింకు వెడల్పంతా ఒకే గుండ్రటి కడ్డీలా కనబడతాయి. రెండు లింకుల పెదవులూ ఆ కడ్డీ మీదికి వచ్చి, సరిగ్గా సీల పైన ఎదురెదురుగా ఆగుతాయి. పెదవుల అడుగును సీల కేంద్రంగా 0.8 వ్యాసార్ధంతో లోపలికి తొలచండి. కీలు ఎంత వంగినా కడ్డీకీ పెదవికీ మధ్య ఖాళీ 0.05 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే రెండు వంపులకీ కేంద్రం ఒకటే. సందు తెరుచుకున్నప్పుడు కింద కనబడేది ఆ కడ్డీ పైభాగమే, చర్మం కాదు. దాన్ని అద్దంలా మెరిపిస్తే చాలు.

పెదవుల మధ్య పరిచినప్పుడు 0.12 మి.మీ. సందు వదలండి. ఇది వెనక్కి వంగే హద్దును కూడా నిర్ణయిస్తుంది. 0.12ని లోతు 1.2తో భాగిస్తే దాదాపు 6 డిగ్రీలు. అంతకు మించి వెనక్కి వంచబోతే పెదవికి పెదవి తగిలి ఆగిపోతుంది. ఈ హద్దు మంచిదే, రాళ్ళకి రక్షణ. అయితే సందును సున్నా చేయకండి. ఇసుక రేణువు ఇరుక్కున్నా బిగుసుకుపోతుంది.

పెదవుల అంచుల్ని పదునుగా వదలకుండా కొద్దిగా అరగదీయండి, 0.05 చాలు. మరీ గుండ్రంగా చేస్తే సందు వెడల్పుగా ఉన్న భ్రమ కలుగుతుంది. ఇక్కడ మెరుగు పెట్టేవాళ్ళకి ముందే చెప్పుకోండి. ఉత్సాహంగా బఫ్ (మెరుగు చక్రం) మీద రెండుసార్లు ఎక్కువ తిప్పారంటే మీరు మైక్రోమీటరు పెట్టి గీసినదంతా కరిగిపోతుంది.

7. అడుగును మర్చిపోకండి

పైన తెరుచుకున్న ప్రతిచోటా కింద మూసుకుంటుంది. సీల కింద ఇంకా 1.8 మి.మీ. లోహం ఉంది. 22 డిగ్రీలు వంగినప్పుడు ఒక్కో వైపు 0.35 చోటు కావాలి. బ్రేస్‌లెట్‌ను డబ్బాలో మడిచి పెట్టేటప్పుడు, బల్ల అంచున వేలాడేటప్పుడు ఇంకా ఎక్కువ వంగుతుంది కాబట్టి 40 డిగ్రీల దాకా చోటివ్వండి. అంటే ఒక్కో లింకు కొసను సీల దగ్గర నుంచి కిందికి 20 డిగ్రీల వాలుగా కోసేయాలి. అడుగున అది 0.65 అవుతుంది.

చేతికి పెట్టుకున్నప్పుడు ఆ అడుగు సందు పూర్తిగా మూసుకోకూడదు. మూసుకుంటే చేతి మీది వెంట్రుకల్ని పట్టి లాగుతుంది. ఈ లెక్కలో పక్కల్లో కూడా రెండు లింకుల మధ్య 0.6 మిగులుతుంది, అది చాలు. అడుగు అంచులు మాత్రం పై అంచుల్లా పొదుపు చేయకుండా ధారాళంగా గుండ్రం చేయండి.

గూడు అడుగును మూసేయాలనే కోరిక కలుగుతుంది. మూయకండి. సబ్బు, చెమట, చర్మపు పొట్టు చేరేది అక్కడే. తెరిచి ఉంటే మెత్తటి బ్రష్ పోతుంది, అల్ట్రాసానిక్ శుభ్రపరిచే నీళ్ళు లోపలికి వెళ్ళి బయటికి వస్తాయి.

8. రాళ్ళున్న లింకులు

రాయి వచ్చేసరికి సీలను పైకి జరపడానికి చోటుండదనిపిస్తుంది. ఒక మేలు ఉంది. గుండ్రటి బ్రిలియంట్ కోత వజ్రం గర్డిల్ (రాయి నడుము అంచు) దగ్గరే వెడల్పు, కిందికి పోయేకొద్దీ దాదాపు 41 డిగ్రీల వాలుతో సన్నబడుతుంది. రెండు రాళ్ళు పక్కపక్కన ఉంటే గర్డిల్ కింద వాటి మధ్య తలకిందులైన లోయ లాంటి త్రికోణపు ఖాళీ మిగులుతుంది. సీల అక్కడ దాక్కుంటుంది. 0.75 వ్యాసార్ధం ఉన్న మన నాలుక గర్డిల్‌కి 1.1 మి.మీ. కింద సీల ఉంటే రెండు వాలులకీ తగలకుండా ఇముడుతుంది. పై నుంచి చూస్తే రాళ్ళే కప్పేస్తాయి, పెదవులే అక్కర్లేదు.

గర్డిల్‌కి గర్డిల్ మాత్రం ఎప్పుడూ తగలకూడదు. వజ్రాన్ని వజ్రం చిట్లగొడుతుంది. వెనక్కి వంగే హద్దు దగ్గర ముందు లోహానికి లోహం తగిలేలా చూడండి. రాళ్ళ మధ్య దూరం అప్పటికి ఇంకా మిగిలి ఉండాలి. స్క్రీన్ మీద కీలును ఆ హద్దు దాకా వెనక్కి వంచి, అప్పుడు రాళ్ళ మధ్య దూరం కొలవండి. పరిచి ఉన్నప్పుడు కొలిచిన దూరం ఎందుకూ పనికిరాదు.

9. ఐదు లింకుల నమూనా

25 లింకులూ ఒకేసారి పోత పోయకండి. ఐదు లింకుల్ని అసలు సైజులో రెజిన్‌లో ప్రింట్ చేసి, ఉక్కు తీగ సీలలు గుచ్చి, అండాకారపు కడ్డీ మీద చుట్టి చూడండి. రెజిన్‌లో 0.05 ఖాళీ నిలవదు, నాలుక బిగుస్తుంది. అది పట్టించుకోకుండా కాస్త అరగదీసి వంపు చూసుకోండి. మీకిప్పుడు కావలసింది వంపు, పక్కల్లో సందు, అడుగు తాకిడి మాత్రమే. తర్వాత మూడు లింకులు ఇత్తడిలోనో వెండిలోనో పోయిస్తే మెరుగు ఎంత తింటుందో తెలుస్తుంది. వెండి, బంగారం కన్నా మెత్తగా ఆకురాయికి లొంగుతుంది కాబట్టి ఆ అంకెను యథాతథంగా నమ్మకండి.

10. పోత, రంధ్రాలు

పోతలో లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. బంగారానికి ఒకటి నుంచి రెండు శాతం మధ్య అనుకోవచ్చు. రబ్బరు అచ్చు తీసి మైనం పోస్తే అది ఇంకా పెరుగుతుంది. మీరు పోత పోయించే చోట ఒక తెలిసిన పొడవున్న కడ్డీని పోయించి, ముందూ వెనకా కొలిచి, ఆ శాతాన్నే వాడండి. దీనికి మించిన పద్ధతి లేదు. దానిపైన మెరుగు కోసం ఒక్కో ముఖానికీ 0.05 నుంచి 0.1 దాకా ఎక్కువ వదలాలి.

0.7 రంధ్రాన్ని మైనం నమూనాలోనే పెట్టేయకండి. అంత సన్నటి రంధ్రంలో అచ్చుపొడి (మైనం నమూనా చుట్టూ పోసి అచ్చుగా గట్టిపరిచేది) పుల్లలా నిలబడి, లోహం పోసినప్పుడు విరిగిపోతుంది. ఆ ముక్క ఎక్కడో ఇరుక్కుని ఇంకో లోపం తెస్తుంది. మైనంలో రంధ్రం ఉండాల్సిన చోట చిన్న గుంట మాత్రం పెట్టండి, డ్రిల్లు మొన జారకుండా పట్టు దొరుకుతుంది. తర్వాత లింకును పట్టుకునే ఒక గట్టి అచ్చు చేసుకుని, అన్ని లింకుల్నీ దాంట్లోనే బిగించి తొలచండి. చేత్తో పట్టుకుని తొలిస్తే ఒక్కో రంధ్రం ఒక్కో వైపు చూస్తుంది. అప్పుడు బ్రేస్‌లెట్ పాములా మెలికలు తిరుగుతుంది, దాన్ని ఏ మెరుగూ సరిచేయలేదు.

ఒక చెంపను పూర్తిగా తొలచకండి. లోపలి వైపు నుంచి 1.2 మి.మీ. లోతు దాకా వెళ్ళి ఆగండి, బయట 0.55 లోహం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ వైపు నుంచి సీల ఉన్నట్టే తెలియదు. రెండో చెంపలోంచే సీల లోపలికి వెళ్తుంది. సీల పొడవు 1.2, గూడు 2.5, చెంప 1.75 కలిపి 5.45. పావు మిల్లీమీటరు ఎక్కువ పెట్టి 5.7గా కత్తిరించుకోండి.

11. కూర్చడం

గూడు లోపల, నాలుక, పెదవుల అడుగు, ఇవన్నీ కూర్చక ముందే మెరుగు పెట్టాలి. గూడులోకి చక్రం పోదు, మెరుగు మందు పూసిన దారంతో లాగాలి. తెల్లబంగారానికి రోడియం పూత ఉంటే అది కూడా విడి లింకులకే ముందు ఒకసారి వేయించండి. కూర్చాక పూత లోపలికి చేరదు.

ముందు మొత్తం వరసను తాత్కాలిక ఉక్కు సీలలతో కూర్చి ఆడించి చూడండి. ఏ కీలైనా పట్టేస్తుంటే ఇప్పుడే సరిచేయాలి. అంతా బాగుంటే ఒక్కొక్కటే తీసి అసలు సీల వేస్తూ పోండి. సీల మొన బయటికి వచ్చే చోట రంధ్రం అంచును రవ్వంత వెడల్పు చేసి, ఆ మొనను లేజర్‌తో అతకండి. అతుకు లోతు 0.3 నుంచి 0.4 దాటకూడదు. మిగిలిన మొనను ఆకురాయితో చదును చేసి మెరుగు పెడితే చుక్క కూడా కనబడదు, సీల తీగ, లింకు ఒకే రంగు మిశ్రమమైతే.

లేజర్ లేకపోతే టంకం తప్పదు. టంకం సందులోకి తనంతట తనే పాకుతుంది, కీలు రాయిలా బిగుసుకుంటుంది. నాలుక మీదా గూడు గోడల మీదా పెన్సిల్ గ్రాఫైట్ దట్టంగా రుద్దండి. టంకం గ్రాఫైట్ మీద పారదు. వెలిగారం కూడా మొన దగ్గరే, సూది మొనంత పెట్టండి. అది పోయిన చోటికల్లా టంకం వెంటపడుతుంది. ఇంకో నష్టం, మంట తగిలితే తీగ మెత్తబడుతుంది, కమ్మచ్చులో తెచ్చుకున్న గట్టితనం పోతుంది. పచ్చలు, ముత్యాలు పొదిగి ఉంటే మంట మాటే వద్దు.

రాళ్ళు కూర్పుకి ముందా, తర్వాతా? నేను తర్వాతే అంటాను. బ్రేస్‌లెట్‌ను నిటారుగా పరిచి లక్కలో పట్టించి పొదిగితే వరస చక్కగా వస్తుంది. కీళ్ళలో లక్క మిగలకుండా కడగడం విసుగు పని, అయినా చేయాలి.

12. పరీక్షలు

ఒక కొస పట్టుకుని వేలాడదీయండి, ఏ లింకూ వంకరగా ఆగకూడదు. చూపుడు వేలి మీద అడ్డంగా వేయండి, రెండు వైపులా నీళ్ళలా జారాలి. అంచు మీద నిలబెట్టి ఒక కొసన పట్టుకుంటే మెల్లగా ఒకే వంపులో వాలాలి, ఒక చోట మడత పడిందంటే ఆ కీలు మిగతావాటికన్నా వదులు. ఆ తర్వాత చేతికి పెట్టుకుని, సన్నటి నైలాన్ గుడ్డ మీద రుద్దండి. దారం లేచిన చోట పెదవి అంచు పదునుగా ఉంది.

చివరగా నేను పట్టుబట్టే ఒక పని ఉంది. సీలలన్నీ ఒకే వైపు నుంచి దూర్చండి. కొక్కెం పక్కనున్న లింకు లోపలి ముఖం మీద, సీల దూరిన వైపు, ఒక చిన్న చుక్క కొట్టండి. ఎన్నో ఏళ్ళ తర్వాత కీలు అరిగి ఈ బ్రేస్‌లెట్ ఇంకెవరి బల్ల మీదికో వస్తుంది. పైనుంచి ఎంత వెతికినా వాళ్ళకి సీల జాడ దొరకదు. ఆ చుక్క చూస్తే ఏ వైపు తొలచాలో తెలుస్తుంది. 0.4 మి.మీ. లోతు తొలిస్తే అతుకు ఊడి సీల బయటికి వస్తుంది, కొత్త సీల వేసుకోవచ్చు.